దుమ్ము వచ్చేది వెనక నుంచే



ఇవాళ పికప్ బండి తొట్టి గురించి మాట్లాడుకుందాం. మీ బండి బొలెరో కావచ్చు, దోస్త్ కావచ్చు, అందరూ ఛోటా హాథీ అని పిలుచుకునే టాటా ఏస్ కావచ్చు. ఆ టాటా ఏస్ 2005లో వచ్చింది. అప్పట్నుంచి మన ఊళ్ళలో సరుకు కదిలే తీరే మారిపోయింది. వెనకటికి నలుగురైదుగురు రైతులు కలిసి ఒక లారీ మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి పంటకు వాళ్ళు పికప్ పెట్టుకుంటున్నారు. కిరాణా సరుకు అందులోనే. టెంట్ హౌస్ సామాను అందులోనే. పెళ్ళివారి మంచాలు, బీరువాలు కూడా అందులోనే.

బండి చిన్నదే. లోపలి సరుకు ఖరీదు మాత్రం చిన్నది కాదు. పల్నాడు నుంచి ముప్పై మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకు బయల్దేరిన బండినే తీసుకోండి. కాయ ఎర్రగా, గలగలలాడుతూ ఉంటే ఒక ధర. తడిసి మెత్తబడితే ఇంకో ధర. కల్లంలో నెలంతా కాపలా కాసి ఎండబెట్టిన కాయ దారిలో పాడైతే ఎవరిని అడుగుతాం?

తొట్టి మీద టార్పాలిన్ వేశాం, మోకులు బిగించాం, ఇంకేం అనుకుంటాం. అయినా దుమ్ము వస్తుంది. అయినా నీరు దిగుతుంది. ఎందుకు వస్తుంది, ఎక్కణ్ణించి వస్తుంది, ఎలా ఆపాలి? ఇదీ ఇవాళ్టి సంగతి.

ముందు దుమ్ము గురించి చెబుతాను.

ఈసారి బండి దించేటప్పుడు ఒకటి గమనించండి. టార్పాలిన్ విప్పగానే సరుకు మీద చెయ్యి వెయ్యకండి. ఊరికే చూడండి. క్యాబిన్‌ను ఆనుకుని ఉన్న బస్తాలు దాదాపు శుభ్రంగా ఉంటాయి. మధ్యలో ఉన్నవాటి మీద పల్చని పొర కనపడుతుంది. వెనక డోరు దగ్గరి వరస చూస్తే గోనె రంగే తెలీదు. వేలితో గీస్తే గీత పడుతుంది.

ఇది విచిత్రం కాదా? బండి ముందుకు పోతోంది. ఎదురుగాలి ముందు నుంచి కొడుతోంది. దుమ్ము ముందు బస్తాల మీద కదా పడాలి? వెనక వాటి మీద ఎందుకు పడింది?

దీనికి జవాబు మీకు తెలిసిందే. పల్లెవెలుగు బస్సు ఎక్కిన ప్రతివాళ్ళకీ తెలుసు. మట్టి రోడ్డు మీద బస్సు పోతుంటే ఎక్కువ దుమ్ము తినేది ఎవరు? డ్రైవరు కాదు. ముందు సీట్లవాళ్ళు కాదు. చిట్టచివరి సీట్లో కూర్చున్నవాళ్ళు. దిగేసరికి వాళ్ళ జుట్టు తెల్లబడిపోయి ఉంటుంది. బస్సు దుమ్ముని వెనక వదిలేసి ముందుకు పోతోంది కదా, మరి ఆ దుమ్ము బస్సుని తరుముకుంటూ వచ్చి లోపల ఎలా దూరింది?

అది తరుముకుంటూ రాలేదు. బస్సే దాన్ని లోపలికి లాక్కుంది.

ఎలాగంటే, బండి కదిలేటప్పుడు ముందున్న గాలిని తోసుకుంటూ పోతుంది. ఆ గాలి పైకీ పక్కలకీ తప్పుకుంటుంది. బండి దాటాక మళ్ళీ కలవాలి. కానీ పికప్ వెనక భాగం కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటుంది. గాలి అంత చప్పున మలుపు తిరగలేదు. అందుకని బండి వెనక ఒత్తిడి తగ్గుతుంది. ఆ వెలితి నింపడానికి చుట్టుపక్కల గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. వెనక చక్రాలు లేపిన దుమ్మంతా సరిగ్గా ఆ సుడిలోనే ఉంటుంది. బండి వెంటే ఆ దుమ్ము మేఘం కూడా వస్తూ ఉంటుంది.

మరి అది లోపలికి ఎందుకు పోతుంది? టార్పాలిన్ కట్టిన బండి వేగంగా పోతుంటే పైన పట్టా ఉబ్బడం చూశారా? అది కింద నుంచి ఎవరో తోస్తే ఉబ్బలేదు. పైన గాలి జోరుగా పోతోంది. జోరుగా పోయే గాలి దగ్గర ఒత్తిడి తక్కువ. అది పట్టాను పైకి లాగుతోంది. పట్టా అంచుల్లోంచి, పక్క సందుల్లోంచి లోపలి గాలిని కూడా బయటికి లాగేస్తోంది. మరి పోయిన గాలికి బదులు ఎక్కణ్ణించో ఒకచోటి నుంచి గాలి రావాలి. మన బండ్లలో ముందు భాగం గట్టిగా బిగించి ఉంటుంది. వెనక డోరు దగ్గర సందులుంటాయి. కాబట్టి గాలి వెనక నుంచి వస్తుంది. వచ్చేది దుమ్ము గాలే.

అందుకే మొదటి మాట. దుమ్ము ఆపాలంటే ముందు వెనక వైపు చూడండి. మళ్ళీ చెబుతున్నాను. ముందు వెనక వైపు చూడండి.

మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. క్యాబిన్ వైపు పట్టాను మూడు ముళ్ళేసి బిగిస్తాం. వెనక వైపు మాత్రం, ఎలాగూ దింపేటప్పుడు విప్పాలి కదా అని వదులుగా వదిలేస్తాం. దారి పొడుగునా ఆ వెనక అంచు టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. అలా కొట్టుకున్న ప్రతిసారీ కొంత దుమ్ము లోపలికి పోతోందని లెక్క.

సరే, వెనక సందులు ఎక్కడున్నాయో ఎలా కనిపెట్టాలి? దీనికి మెకానిక్ అక్కర్లేదు. మంచి ఎండ ఉన్నప్పుడు తొట్టి ఖాళీ చెయ్యండి. ఒక మనిషి లోపల కూర్చోవాలి. బయట ఇంకో మనిషి ఉండాలి. డోరు వేసి, పట్టా మామూలుగా ఎలా కడతారో అలాగే కట్టమనండి. లోపలి మనిషి కాసేపు కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వాలి. తర్వాత చుట్టూ చూడాలి. ఎక్కడెక్కడ వెలుతురు గీతలు కనపడతాయో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. వెలుతురు వచ్చిన చోటల్లా దుమ్ము వస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడే, ఇంజను ఆపి ఉన్నప్పుడే ఈ పని చెయ్యండి. ఆ మాట ఎందుకంటున్నానో కాసేపట్లో చెబుతాను.

ఇలా చూసినప్పుడు చాలా బండ్లలో వెలుతురు మూడు చోట్ల కనపడుతుంది. డోరు కింద, మడతబందుల దగ్గర పొడుగునా ఒక గీత. డోరుకూ పక్క గోడలకూ మధ్య నిలువుగా రెండు గీతలు. కింది మూలల్లో రెండు చిన్న కంతలు. చూడ్డానికి చిన్నవే. కానీ ఆ మూల కంతలు చక్రాలకు అతి దగ్గర్లో ఉంటాయి. నన్నడిగితే మొదట ఆ మూలల సంగతే చూడాలి.

డోరు కింది సందుకు మన దగ్గర చవకైన ఉపాయం ఉంది. పాత లారీ ట్యూబు తీసుకోండి. డోరు ఎంత వెడల్పు ఉందో అంత పొడుగు, జానెడు వెడల్పు పట్టీ కోయండి. తొట్టి లోపల, నేల చివర ఒక అంచు బిగించండి. రెండో అంచు డోరు లోపలి వైపు ఎక్కాలి. నేల వైపు అంచు మీద సన్నని ఇనుప పట్టీ పెట్టి నట్లు వేస్తే చాలాకాలం కదలదు. డోరు పైకి లేపినప్పుడు ఆ రబ్బరు కూడా మడత పడి సందును కప్పేస్తుంది. డోరు దించితే పరుచుకుంటుంది. బస్తా ఈడ్చినప్పుడు చిరగకుండా రబ్బరు మందంగా ఉండాలి. సైకిలు ట్యూబు ఈ పనికి సరిపోదు. దానికి వేరే పని ఉంది, చెబుతాను.

నిలువు సందులకు రబ్బరు బీడింగ్ వెయ్యాలి. కారు తలుపులకు ఉంటుందే, లోపల డొల్లగా ఉండే రబ్బరు, అలాంటిది. స్పేర్ పార్టుల కొట్లో మీటర్ల లెక్కన ఇస్తారు. స్పాంజి ముక్కలు తెచ్చి అతికించకండి. మామూలు స్పాంజి నీళ్ళు పీలుస్తుంది. పీల్చిన నీరు రేకును తినేస్తుంది. ఆర్నెల్లకి మీ డోరు అంచున తుప్పు పొట్టు రాలుతుంది. బీడింగ్ అతికించే ముందు రేకు మీద మట్టి, నూనె జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడవండి. జిడ్డు మీద ఏ జిగురూ నిలవదు. అతుకు పైభాగంలో రానివ్వకండి. మూలల్లో అసలే రానివ్వకండి. మూల దగ్గర రబ్బరును కోయకుండా గుండ్రంగా తిప్పుకురావాలి.

వేశాక సరిగ్గా పట్టిందో లేదో చూసుకోవాలి కదా. దినపత్రిక కాగితం ఒక పట్టీగా చింపండి. డోరు అంచున పెట్టి డోరు మూయండి. ఇప్పుడు కాగితాన్ని లాగండి. బిగువుగా వస్తే రబ్బరు పట్టినట్టు. వెన్నలోంచి వెంట్రుకలా జారి వస్తే అక్కడ సందు ఉన్నట్టే. నాలుగైదు చోట్ల ఇలా లాగి చూడండి. ఒక్కోసారి తప్పు రబ్బరుది కాదు. గొళ్ళెం అరిగిపోయి డోరే వదులుగా నిలుస్తుంది. అలాంటప్పుడు వెయ్యి రూపాయల రబ్బరు వేసినా దండగే. గొళ్ళెం కొక్కేన్ని కాస్త లోపలికి వంచితే సరిపోతుంది.

నాకు ఒక్కటి మాత్రం అర్థం కాదు. బండి వెనక రంగురంగుల పువ్వులు వేయించుకుంటాం. పిల్లల పేర్లు రాయించుకుంటాం. దిష్టి తగలకుండా నల్ల కుచ్చు వేలాడదీస్తాం. అదే డోరు కింద రెండు వేళ్ళు దూరే సందు ఉంటే దాన్నెవరూ పట్టించుకోరు!

ఇక్కడిదాకా వెనక మూసే సంగతి. ఇప్పుడు ముందు వైపు కొంచెం తెరిచే సంగతి.

ఇది టార్పాలిన్ బండ్లకు కాదు. రేకుతోనో ఫైబర్‌తోనో నిలువెత్తు డబ్బాలా మూసేసిన బాడీలకు. బేకరీ సరుకు, మందులు, బట్టలు తోలే బండ్లు ఇలాంటివే ఉంటాయి. ఎంత మూసినా ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి సందు మిగులుతుంది. బయటి గాలి లోపలి గాలిని లాగుతూనే ఉంటుంది. మరేం చెయ్యాలి? లోపలికి రావాల్సిన గాలికి మనమే ఒక మంచి దారి చూపించాలి. క్యాబిన్ కప్పు కన్నా ఎత్తులో, బాడీ ముందు గోడకు పైన, ఎదురుగాలి తగిలేలా ఒక చిన్న గాలి మూతి పెట్టాలి. అంత ఎత్తున మన బండి లేపే దుమ్ము ఉండదు. బండి కదలగానే మంచి గాలి అక్కణ్ణించి లోపలికి వస్తుంది. లోపల ఒత్తిడి కాస్త పెరుగుతుంది. అప్పుడు వెనక సందుల్లోంచి గాలి లోపలికి రాదు, బయటికి పోతుంది. దుమ్మును అదే బయటికి నెట్టేస్తుంది.

ఆస్ట్రేలియాలో ఎర్రమట్టి దారులున్న లోపలి ప్రాంతాల్లో పికప్‌ల వెనక పెట్టెలకు ఇలాంటి గాలి మూతులు పెట్టుకోవడం మామూలే. మన ఆటోనగర్లలో బాడీ కట్టే షెడ్డు వాళ్ళకి చెబితే చిటికెలో చేసి పెడతారు. మూతికి లోపల ఒక అడ్డు రేకు ఉండాలి. వాన చినుకు ఆ రేకుకు తగిలి బయటికే కారిపోవాలి, గాలి మాత్రం దాన్ని చుట్టి లోపలికి రావాలి. దోమల జాలీ వేసి, దాని వెనక ఒక పొర గుడ్డ పెడితే ఇంకా మంచిది.

ఒక చిక్కు మాత్రం ఉంది. మీ ముందు ఇంకో లారీ దుమ్ము రేపుకుంటూ పోతోందనుకోండి. అప్పుడు ముందు గాలే దుమ్ము గాలి. ఈ మూతి ఆ దుమ్మునంతా నేరుగా లోపలికి పట్టిస్తుంది. కాబట్టి దానికి మూసే ఏర్పాటు కూడా ఉండాలి. లేదా ఆ లారీకి దూరంగా ఉండాలి. క్వారీ దారుల్లో, నాపరాయి గనుల దారుల్లో లారీల వరసలో ఇరుక్కుంటే మూసెయ్యడమే మేలు.

ఇందాక ఒక మాట తర్వాత చెబుతానన్నాను. ఇంజను ఆపి ఉన్నప్పుడే మనిషి లోపల కూర్చోవాలని ఎందుకన్నానంటే, బండి వెనక ఉండేది దుమ్ము ఒక్కటే కాదు. పొగ గొట్టం నుంచి వచ్చే పొగ కూడా అక్కడే ఉంటుంది. దుమ్మును లాక్కునే సందే ఆ పొగనూ లాక్కుంటుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దుమ్మయితే కళ్ళకు కనపడుతుంది, దగ్గు వస్తుంది. ఇది ఏదీ చెప్పదు. తల బరువెక్కుతుంది, నిద్ర వచ్చినట్టు ఉంటుంది, మనిషి అలాగే స్పృహ తప్పుతాడు.

కూలీలు వాన వస్తోందని సరుకుతో పాటు టార్పాలిన్ కింద దూరి కూర్చోవడం మనం చూస్తూనే ఉంటాం. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, అది ఎటూ ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మూసిన తొట్టిలో మనిషిని కూర్చోబెట్టకండి. పిల్లల్ని అసలే వద్దు. మేకల్ని, గొర్రెల్ని తోలేటప్పుడు కూడా ఇలా మూయకూడదు.

సరే, ఇప్పుడు నీళ్ళ సంగతికి వద్దాం.

మన దగ్గర పంట చేతికొచ్చే వేళకీ వానకీ పొత్తు కుదరదు. వరి కోతల వేళ తుఫానులు వస్తాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చేలల్లో, కల్లాల్లో ధాన్యం తడిసిపోయింది. తడవకుండా మిగిలిన ధాన్యాన్ని గూటికి చేర్చాలంటే టార్పాలినే దిక్కు. టార్పాలిన్ అనండి, పట్టా అనండి, బరకం అనండి, దాన్ని వెయ్యడంలోనే ఉంది కిటుకంతా.

దుమ్ముకీ నీటికీ ఒక తేడా ఉంది. దుమ్మును గాలి మోస్తుంది. కాబట్టి ఎటు లాగితే అటు పోతుంది. నీరు తన బరువుతో తాను కిందికి పోతుంది. కాబట్టి నీటిని ఆపాలని చూడకండి. దారి ఇవ్వండి. ఆగిన నీరు ఎప్పటికైనా లోపలికి దిగుతుంది.

ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మీ తొట్టి తొమ్మిది అడుగుల పొడుగు, అయిదున్నర అడుగుల వెడల్పు అనుకుందాం. అంటే నాలుగున్నర చదరపు మీటర్ల పైమాటే. దాని మీద రెండు సెంటీమీటర్ల వాన పడింది. మన వానలకు అదొక లెక్కా? కానీ ఆ నీరంతా పట్టా మీదే నిలిస్తే 90 లీటర్లు. అంటే 90 కిలోలు. రెండు మిర్చి టిక్కీల బరువు మీ పట్టా నడుమ కూర్చున్నట్టే. పట్టా సాగుతుంది. గుంట ఇంకా లోతవుతుంది. ఇంకా నీరు చేరుతుంది. ఆఖరికి కుట్టు దగ్గరో, సూది బెజ్జం దగ్గరో చుక్క చుక్క మొదలవుతుంది.

అందుకని పట్టా కింద నడుమ ఎత్తు ఉండాలి. సరుకు నిండుగా ఉంటే నడుమ వరస ఒక బస్తా ఎత్తు పెంచండి. సరుకు తక్కువైతే తొట్టి పొడుగునా నడుమ ఒక వెదురు బొంగు కట్టండి. నీరు రెండు పక్కలకీ జారిపోతుంది. దీనికి ఖర్చు కూడా లేదు.

రెండో సంగతి, పట్టా అంచు. కొందరు ముచ్చటగా ఉండాలని పట్టా అంచును తొట్టి గోడ లోపలికి దోపేస్తారు. పైన పడిన నీరంతా అప్పుడు ఎక్కడికి పోవాలి? గోడ లోపల నుంచి నేరుగా బస్తాల అడుక్కే పోతుంది. అంచు ఎప్పుడూ గోడకు బయట ఉండాలి. గోడ పై అంచు దాటి కనీసం జానెడు కిందికి వేలాడాలి. తాడు కొక్కేలు కూడా బయటే ఉండాలి. తాడు పైన ఉండి లోపలికి దిగిందంటే నీరు ఆ తాడు పట్టుకుని దిగుతుంది. తాడు బయటి నుంచే కిందికి దిగి కొక్కేనికి తగలాలి.

నైలాన్ తాడు వాడేవాళ్ళు ఇంకోటి గుర్తు పెట్టుకోండి. నైలాన్ తడిస్తే కాస్త సాగుతుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా బిగించినా వానలో కొంత దూరం పోయాక వదులవుతుంది. వాన మొదలైన కాసేపటికి బండి పక్కన ఆపి తాళ్ళు ఇంకోసారి బిగించాలి. తడుస్తూ దిగడానికి బద్ధకమే. కానీ దిగాలి.

మూడో సంగతి, రెండు పట్టాలు వేసేవాళ్ళకి. ఒకటి పొట్టిగా ఉంటే రెండు కలిపి వేస్తాం. ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి? వాన నిటారుగా పడుతుందనుకుంటాం. పెద్ద చినుకు సెకనుకు ఎనిమిది తొమ్మిది మీటర్ల వేగంతో కిందికి పడుతుంది. మీ బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 16 మీటర్ల పైనే ముందుకు పోతోంది. అంటే బండికి వాన పైనుంచి తగిలే దానికన్నా ముందు నుంచి కొట్టేదే ఎక్కువ. అందుకని ముందు పట్టా అంచు పైన ఉండాలి, వెనక పట్టా అంచు దాని కిందికి పోవాలి. అప్పుడు గాలి ఆ అంచును లేపలేదు, నీరు దూరలేదు. తారుమారైతే గాలే ఆ అంచును తెరిచి మరీ నీళ్ళు పోస్తుంది.

దీన్ని గుర్తు పెట్టుకోవడం తేలిక. పరిచేటప్పుడు ముందు వెనక పట్టా పరవండి. దాని మీద ముందు పట్టా పరవండి. దుమ్ముకి చెప్పిన మాటే ఇక్కడా. ముందు వెనక.

ఇక నీరు పైనుంచే కాదు, కింద నుంచి కూడా వస్తుంది. ఇది చాలామంది నమ్మరు. తడి రోడ్డు మీద వెనక చక్రాలు నీటిని పిచికారీలా పైకి కొడతాయి. తొట్టి నేల రేకుల అతుకుల్లో సందులుంటే ఆ నీరు అక్కణ్ణించి పైకి వస్తుంది. పైన పట్టా పొడిగా ఉండి అడుగు బస్తాలు తడిస్తే అనుమానం అక్కడే. బండి కిందికి దూరి చక్రాల పైన చూడండి. అతుకుల దగ్గర బురద చారలు కనపడతాయి. ఆ అతుకుల్ని బాడీ సీలర్‌తో మూయించండి. మడ్ ఫ్లాపులు ఊడిపోయి ఉంటే వేయించండి.

ఎంత చేసినా కొంత నీరు లోపలికి వస్తుందనే అనుకోండి. అది బయటికి పోవాలి. కానీ ఇందాక మనం డోరు కింద ట్యూబు పట్టీ బిగించాం. నీరు పోయే దారి కూడా మూసేశాం! అందుకని తొట్టి వెనక మూలల్లో, రబ్బరు పట్టీకి కాస్త ఇవతల, నేలలో ఒక్కో కంత పెట్టాలి. కంత పెడితే దుమ్ము రాదా అంటారు. వస్తుంది. ఇక్కడికి సైకిలు ట్యూబు పనికొస్తుంది. కంతకు కింద చిన్న గొట్టం ముక్క అతికించండి. ఆ గొట్టానికి నాలుగు అంగుళాల సైకిలు ట్యూబు తొడిగి తీగతో కట్టండి. ట్యూబు కింది కొస అణిగిపోయి మూసుకునే ఉంటుంది. లోపల నీరు చేరినప్పుడు ఆ బరువుకి పెదవులు విచ్చుకుంటాయి. నీరు పోతుంది. మళ్ళీ మూసుకుంటుంది. నీరు కిందికి పోతుంది కానీ దుమ్ము పైకి రాదు. అప్పుడప్పుడు వేళ్ళతో నలిపి బురద వదిలించాలి, అంతే.

బస్తాల కింద చెక్క బద్దలు వెయ్యడం మానకండి. ఒక అంగుళం ఎత్తు చాలు. వచ్చిన నీరు బస్తాను ముట్టకుండా కింద నుంచి పారిపోతుంది. సిమెంటు తోలేవాళ్ళకి ఈ మాట చెప్పనక్కర్లేదు. ఒక్కసారి గడ్డకట్టిన బస్తా దేనికీ కొరగాదని వాళ్ళకి తెలుసు.

ఆఖరుగా ఒక నీరుంది. అది వాన నీరు కాదు, సరుకు లోపలి నీరే. పత్తి తీసుకోండి. కాటన్ కార్పొరేషన్ వాళ్ళు తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు. పైన ఒక్కో శాతానికీ కోత పెడతారు. 12 దాటితే కొననే కొనరు. ఉదయం మంచు ఆరకముందే తీసిన పత్తిని తొట్టిలో కుక్కి, ప్లాస్టిక్ పట్టా బిగించి, రాత్రంతా యార్డు ముందు వరసలో నిలబెట్టారనుకోండి. పగటి వేడికి పత్తిలోని తేమ ఆవిరై పైకి లేస్తుంది. రాత్రి పట్టా చల్లబడుతుంది. ఆవిరి పట్టా కింది వైపు నీటి బొట్లుగా మారుతుంది. తెల్లారేసరికి పై పొర తడిసి ఉంటుంది. చుక్క వాన పడకుండానే! మిర్చికైనా అంతే. తేమ నిలిచిన కాయకి బూజు పడుతుంది.

కాబట్టి వాన లేనప్పుడు, బండి ఆగి ఉన్నప్పుడు, పట్టా పక్క అంచుల్ని కాస్త పైకెత్తి గాలి ఆడనివ్వండి. బయల్దేరే ముందు మళ్ళీ దించి కట్టండి. టమాటా, మామిడి, కూరగాయలు అయితే ఇవాళ నేను చెప్పిన బిగింపులేవీ వద్దు. అవి ఊపిరి పీల్చే సరుకు. మదనపల్లె టమాటాకు దుమ్ము పడితే కడుక్కోవచ్చు. ఉడికిపోతే ఏం చేస్తాం? వాటికి పైన ఎండ తగలకుండా నీడ, పక్కల గాలి ఉంటే చాలు.

పట్టా గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. సరుకు దించాక తడి పట్టాను అలాగే చుట్టి క్యాబిన్ వెనక పడేయకండి. ఆరబెట్టి మడవండి. మడిచేటప్పుడు దుమ్ము ఉన్న వైపు దుమ్ము ఉన్న వైపుకే తగిలేలా మడవండి. లేకపోతే పైన పట్టిన దుమ్మంతా వచ్చేసారి సరుకు వైపు చేరుతుంది. ఏడాదికోసారి ఎండలో పైకెత్తి పట్టుకుని కింద నుంచి చూడండి. నక్షత్రాల్లా సూది బెజ్జాలు కనపడితే అతుకులు వేయించండి. అంతటా కనపడితే మాత్రం అతుకుల జోలికి పోకండి. ఎండకు పెళుసెక్కిన పట్టా అది. కల్లంలో పరుచుకోవడానికి ఉంచుకుని బండికి కొత్తది కొనుక్కోండి. ట్యూబు పట్టీకి, బీడింగ్‌కీ కూడా ఎండే శత్రువు. పగుళ్ళు కనపడ్డ ఏడాదే మార్చెయ్యండి. సంక్రాంతి దాటి మిర్చి బండ్లు యార్డు దారి పట్టకముందే ఈ పని అయిపోతే మంచిది.